సంపూర్ణ తెరవని కళ్ళు

టేకులపల్లి చుట్టుపక్కల ఈమధ్య పెళ్ళి చేసుకున్నవాళ్ళలో చాలామంది కళ్ళు తెరిచింది సంపూర్ణ. ఆ సంగతి వాళ్ళకు తెలియదు. ఫ్లాష్ వెలగగానే కళ్ళు మూసుకోవడం మనుషులకు అలవాటు. అలా మూసుకున్నచోట, అదే మనిషి ఇంకో ఫోటోలో తెరిచి ఉంచిన కళ్ళు తెచ్చి అతికించడం ఆమె పనిలో సగం. మిగతా సగం ఆల్బం పేజీలు పేర్చడం. ఒక మాఘమాసం హడావిడిలో ఒక మేనమామకు పొరపాటున ఆయన తమ్ముడి కళ్ళు పెట్టింది. ఆల్బం చూసినవాళ్ళంతా మామ ఈ ఫోటోలో భలే ఉన్నాడన్నారు. మామ కూడా ఆ ఫోటోనే పెద్దది చేయించుకుని ఇంట్లో తగిలించుకున్నాడు. సంపూర్ణ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆమె పుట్టి పెరిగింది కొత్తగూడెం గని కార్మికుల క్వార్టర్లలో. తండ్రి భూమి లోపలి గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు ఫ్లాష్ పడదు. ఇంట్లో ఉన్న ఆయన ఫోటోలన్నిటిలోనూ, పెళ్ళి ఫోటోతో సహా, కళ్ళు మూసుకునే ఉంటాడు. డిగ్రీ అయ్యాక ఫోటోలు దిద్దడం నేర్చుకున్న సంపూర్ణ మొట్టమొదట తెరిచింది ఆయన కళ్ళే. ఆయన ఆ ఫోటోను దగ్గర పెట్టుకుని ఒకసారి, దూరం పెట్టి ఒకసారి చూసి, "ఎవరాయన?" అన్నాడు. తల్లి కూడా పోల్చుకోలేకపోయింది. పాత ఫోటోనే మళ్ళీ గోడెక్కింది.

పెళ్ళయి టేకులపల్లి వచ్చాక, భర్త డ్యూటీకీ కూతురు దీవెన బడికీ పోతే ఇంట్లో తోచక, ఎరువుల దుకాణం పైనున్న ఆంథోని స్టూడియోలో చేరింది. ఆంథోని వాళ్ళ చర్చి మనిషే. ఫోటోల విషయంలో ఆయనకొక సిద్ధాంతం ఉంది. కెమెరా కదలకూడదు, పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ కదలకూడదు, చుట్టాలు మాత్రమే కదలాలి. స్టేజీ మీద వధూవరుల పాదాల దగ్గర తెల్ల టేపుతో గుర్తులు పెడతాడు. కెమెరా స్టాండు కాళ్ళకూ గుర్తులు పెడతాడు. ఆ తర్వాత చుట్టాలు బ్యాచీలుగా ఎడమవైపు మెట్లెక్కి, నిలబడి, ఫోటో దిగి, కుడివైపు దిగిపోవాలి.

"ఆల్బం తిప్పుతాంటే పెండ్లిపిల్ల ఉన్నకాడ్నే ఉండాలె, సుట్టాలు మారుతాండాలె. సినిమా లెక్క" అంటాడు ఆంథోని. ఆయన తీసిన పెళ్ళిళ్ళలో వధువు మొదటి ఫోటోలో నవ్విన నవ్వుకూ ఆఖరి ఫోటోలో నవ్విన నవ్వుకూ తేడా కనిపెట్టడం సంపూర్ణకు కూడా కష్టం.

ఆంథోని ఏ ఫోటోనూ పారెయ్యడు. మసకగా వచ్చినా, లెన్సు మూత తీయకుండా నొక్కినా దాచిపెడతాడు. హార్డ్ డిస్కులు బీరువా నిండి బిస్కెట్ డబ్బాల్లోకి చేరాయి. అలాంటప్పుడు హైదరాబాద్ కంపెనీ మనిషి ఒకాయన వచ్చి నల్లటి పెట్టె ఒకటి బల్ల మీద పెట్టాడు. అందులో ఉన్న సాఫ్ట్‌వేర్ పేరు స్పేస్ మిత్ర. ఫోటోలన్నీ అందులో పోస్తే అదే సర్దుతుందన్నాడు. ఒకేలాంటి ఫోటోలుంటే బాగున్నది ఒకటి ఉంచి, మిగతావాటిని పక్కకు తీసి తాళం వేస్తుందనీ, వారానికొకసారి ఆ తాళం వేసినవాటిని తుడిచేస్తుందనీ చెప్పాడు. ఒక కుక్కపిల్ల ఫోటోలు పోసి చూపించాడు. బోలెడు కుక్కపిల్లల్లో ఒక్క కుక్కపిల్ల మిగిలింది. ఆంథోనికి నచ్చింది.

పెట్టెను సిద్ధం చేసింది సంపూర్ణే. వారానికొకసారి ఎప్పుడు తుడవాలి అని అది అడిగితే, ఆదివారం పది గంటలకు అని పెట్టింది. ఆ వేళకు అందరూ చర్చిలో ఉంటారు, పనికి అడ్డం రాదు. యజమాని పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఆంథోని ఆమెను అటు తిరగమని చెప్పి తానే కొట్టాడు.

అవి పెళ్ళిళ్ళు లేని మూఢం రోజులు. పాస్‌పోర్ట్ ఫోటోలూ పుట్టినరోజులూ తప్ప ఏమీ లేవు. ఒకసారి కవల పిల్లల పాస్‌పోర్ట్ ఫోటోలు పోస్తే, మిత్ర ఒకరిని తీసుకుని రెండోవాడిని గడప దాటనివ్వలేదు. ఈ ఫోటో మీ దగ్గర ఇప్పటికే ఉంది అంది. ఆంథోని ఇద్దరు పిల్లలనూ పక్కపక్కన నిలబెట్టి చూసి, అది చెప్పిందే నిజమేమో అన్నాడు. ఎన్ని పోసినా పెట్టె నిండకపోవడం చూసి రోజూ మురిసిపోయాడు.

మూఢం పోయాక వచ్చిన మొదటి పెద్ద పెళ్ళి కళ్యాణిది.

కళ్యాణి వాళ్ళది అడవి అంచున ఉన్న తండా. తండ్రి లచ్చిరాం, బాబాయి భీమ్లా. ఇద్దరూ అన్నదమ్ములన్న సంగతి తండాలో అందరికీ గుర్తుంది, వాళ్ళిద్దరికీ తప్ప. భీమ్లా చేను లచ్చిరాం చేను దాటాక ఉంది. మధ్యలో బాట లచ్చిరాంది. ఎప్పుడో మాటా మాటా పెరిగి లచ్చిరాం ఆ బాటకు అడ్డంగా ముళ్ళకంప వేశాడు. అప్పటినుంచి భీమ్లా పత్తి వాగు దాటి, అడవి చుట్టూ తిరిగి తండాకు చేరుతోంది. దారిలో సగం పత్తి తుమ్మచెట్లకే అంటుకుంటోంది.

పెళ్ళిలో వీళ్ళిద్దరినీ ఒక స్టేజీ ఎక్కించింది వాళ్ళ తల్లి లాలి. ఒక చేత్తో పెద్దవాడి మణికట్టు, ఒక చేత్తో చిన్నవాడి మణికట్టు పట్టుకుని, ఎడమవైపు మెట్లెక్కించి, మనవరాలి పక్కన నిలబెట్టింది. ఆ క్షణంలో తండాలో ఒక్క సెల్‌ఫోను కూడా పైకి లేవలేదు. గొడవైతే ఎవరిని పట్టుకోవాలో ముందే అనుకుని అందరూ చేతులు ఖాళీగా ఉంచుకున్నారు. వీడియో తీసే క్రాంతికుమార్ అప్పుడు భోజనాల దగ్గర మటన్ గిన్నెను దగ్గరగా తీస్తున్నాడు. గొడవ కాలేదు. ఆంథోని ఫోటో తీశాడు. అన్నదమ్ములు కుడివైపు దిగిపోయారు.

మర్నాడు పొద్దున్నే లచ్చిరాం పోయి ముళ్ళకంప తీసేశాడు. ఎందుకు తీశావని ఎవరో అడిగితే, "ఫోటో దిగినం గద" అన్నాడు.

ఫోటోలు పెట్టెలో పోశాక ఆంథోని కెమెరా కార్డు ఖాళీ చేసి ఇంకో పెళ్ళికి వాడేశాడు. పెట్టె ఉండగా కార్డులెందుకు అనేది ఆయన కొత్త సిద్ధాంతం.

శుక్రవారం లచ్చిరాం ఆల్బంలోకి ఫోటోలు ఎంచడానికి స్టూడియోకి వచ్చాడు. సంపూర్ణ పెట్టెలో కళ్యాణి పెళ్ళి తెరిచింది. మంగళస్నానం ఫోటోలున్నాయి, తాళి కట్టిన ఫోటోలున్నాయి, మటన్ కూడా ఉంది. స్టేజీ మీది ఫోటో ఒకటే ఉంది. అందులో కళ్యాణి, పెళ్ళికొడుకు జగదీష్ టేపు గుర్తుల మీద నిలబడి నవ్వుతున్నారు. వాళ్ళ పక్కన టెంట్‌హౌస్ వెంకటప్పయ్య నిలబడి ఉన్నాడు. భుజాన తువ్వాలు, చేతిలో వైరు చుట్ట. చుట్టాలు రాకముందు లైట్లు సరిపోయాయా లేదా చూడ్డానికి ఆంథోని ఆయన్ను పిలిచి నిలబెట్టి తీసిన ఫోటో అది. ముగ్గురి కళ్ళూ చక్కగా తెరిచి ఉన్నాయి.

"మిగతయి ఏయి?" అన్నాడు లచ్చిరాం.

"ఉంటయన్నా, సూత్త ఉండు."

సంపూర్ణ చూసింది. ఎక్కడా లేవు.

"మా సుట్టాలందరు పోయి టెంటోడు మిగిలిండా?"

"ఏదో గడబిడ అయినట్టుందన్నా. ఒక్క రోజు టైమియ్యి."

లచ్చిరాం తెర మీది వెంకటప్పయ్య కేసి చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా తమ్ముడు గిట్ల ఈడికి వచ్చిండా?" అన్నాడు.

"రాలే."

"ఫోన్ చేసిండా?"

"ఎవలూ చెయ్యలే అన్నా."

"చేసుంటడు. నాతోని ఫోటో దిగిండని నలుగురికి తెలిస్తే వాడికి నామోషీ. తీపిచ్చిండు. వాని ఒక్కడిది తీస్తే దొరికిపోతడని అందరియి తీపిచ్చిండు." లచ్చిరాం లేచి చెప్పులేసుకున్నాడు. "తెలివి ఎక్కువ వాడికి. చిన్నప్పటికెల్లి అంతే."

సాయంత్రానికి భీమ్లా ఫోన్ చేశాడు. "అక్కా, మా అన్న ఫోటో తీసెయ్యమన్నడట గద."

"గట్లేం లేదు భీమ్లా. మా పెట్టెలనే ఏదో తేడా వచ్చింది."

"పెట్టె మీద పెట్టకు అక్కా. పెట్టెకు మాతోని ఏం పంచాయితీ ఉన్నది? తీసుడు ఆయనే తీపిచ్చి, పేరు నాకు పెడుతుండు." ఫోను పెట్టేశాడు.

శనివారం పొద్దున బాటకు అడ్డంగా ముళ్ళకంప మళ్ళీ పడింది. ఈసారి భీమ్లా కూడా తన వైపు నుంచి ఒక కంప వేశాడు. మధ్యాహ్నానికి లాలి ఆటో దిగి, మెట్లెక్కి, పాస్‌పోర్ట్ ఫోటోలు దిగేవాళ్ళు కూర్చునే ఎత్తుపీట మీద కూర్చుంది. చేతుల నిండా గాజులు, ముఖాన చెమట. సంపూర్ణ ఫ్యాను ఆమె వైపు తిప్పి నీళ్ళిచ్చింది.

"ఫోటో ఏది బిడ్డా?" అంది లాలి.

"దొరకలే అవ్వా."

"ఎన్నేండ్లు పట్టింది నాకు ఆ ఇద్దరిని ఒక్క మెట్టు ఎక్కిచ్చెతందుకు! ఒకడి చెయ్యి వదిలితే ఒకడు ఉరుకుతడు. మీరు దాన్ని పోగొట్టిన్రు."

ఆంథోని ముందుకొచ్చాడు. "అమ్మా, ఒక పని చేద్దం. లచ్చిరాంను ఒకరోజు పంపు, భీమ్లాను ఒకరోజు పంపు. విడివిడిగ తీస్త. కంప్యూటర్ల మా సంపూర్ణ ఇద్దరిని పక్కపొంటి నిలబెడ్తది. అసల్ దిగినట్టే ఉంటది."

లాలి ఆయన్ను ఎగాదిగా చూసింది. "కంప్యూటర్ల ఎవరినైనా నిలబెట్టొచ్చు. నన్ను మంత్రి పక్కన నిలబెట్టు, నిలబడ్త. వాళ్ళు నిజంగ నిలబడ్డరు సారూ. నేను పట్టుకున్న. గది కావాలె నాకు." సంపూర్ణ వైపు తిరిగింది. "అది దొరికితేనే కంప తీస్తరు. లేకుంటే నేను సచ్చినంక నా పాడె కూడ ఒకడు ఇటుకెల్లి, ఒకడు అటుకెల్లి మోస్తరు."

ఆంథోని కిందికి కేకేసి టీ తెప్పించాడు. లాలి టీ తాగి, దొరికినప్పుడు ఫోన్ చేయమని చెప్పి ఆటో ఎక్కింది.

అప్పుడు సంపూర్ణ కంపెనీ మనిషి ఇచ్చిపోయిన చిన్న పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదివింది. కొన్న తర్వాత దాన్ని ఎవరైనా తెరవడం అదే మొదటిసారి. మిత్ర ప్రతి ఫోటోను ముందు గోరంత చేసుకుంటుందని అందులో ఉంది. గోరంతవాటినే పక్కపక్కన పెట్టి పోల్చుతుంది. గోరంత ఫోటోలో ఏం కనపడుతుంది? మధ్యలో కదలని కళ్యాణి, కదలని జగదీష్, వెనక ఎర్రగులాబీల తెర. అంచున నిలబడ్డ చుట్టాలు చీమతలంత. ఎవరు దిగినా, ఎవరు ఎక్కినా మిత్ర లెక్కలో అదే ఫోటో. ఆ ఒకే ఫోటోలో బాగున్నది ఎంచడానికి అది అందరి కళ్ళూ తెరిచి ఉన్నాయా అని చూస్తుంది. చుట్టాల బ్యాచీలో ఎవరో ఒకరు రెప్ప వేయకుండా ఉండరు. వెంకటప్పయ్య వేయలేదు.

ఆంథోని చెప్పే క్రమశిక్షణ ఎంత పక్కాగా ఉందో అంతకుముందు ఏ యంత్రమూ అలా ఒప్పుకోలేదు. సంపూర్ణ తాళం వేసిన ఫోటోలు ఎక్కడుంటాయో వెతికి తెరిచింది. అక్కడున్నాయి, తండా మొత్తం, ఆవగింజల్లాగా. ఒక్కోదాని కింద ఒకే మాట: నకలు, ఆదివారం తొలగింపు.

"దొరికినయి అన్నా! పాస్‌వర్డ్ చెప్పు, బయటికి తీస్త" అంది సంపూర్ణ.

ఆంథోని నవ్వు మధ్యలో ఆగిపోయింది. "ఒక కీర్తన నంబరు పెట్టిన."

"ఏ కీర్తన?"

"గదే యాదికొస్తలేదు. మనసుకు నచ్చింది పెట్టిన."

మనసుకు నచ్చిన కీర్తనలు ఆంథోనికి చాలా ఉన్నాయి. ఒకటి కొట్టాడు, కాదంది. ఇంకొకటి కొట్టాడు, కాదంది. మూడోది కొట్టేసరికి, మీరు యజమాని కారని మాకు అనుమానంగా ఉంది, మా కార్యాలయాన్ని సంప్రదించండి అని మిత్ర తలుపులు మూసుకుంది. కార్యాలయానికి ఫోన్ చేస్తే, మళ్ళీ సోమవారం చేయమని రికార్డు చేసిన ఆడగొంతు చెప్పింది. తుడిచేది ఆదివారం. అది పెట్టింది తనే. సంపూర్ణ ఇంకేమీ ఆలోచించకుండా గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేసింది.

"గంతేనా? గింత అల్కగ అయిపాయె" అన్నాడు ఆంథోని.

"కాలే అన్నా. రేపు పొద్దున మంగమ్మ ఊడ్వనీకి వస్తది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంగమ్మ నమ్మకస్తురాలు, పని శుభ్రం. వేలాడే ప్లగ్గు కనపడితే మాత్రం ఊరుకోదు. తడిబట్టతో తుడిచి, ఉన్న సందులో దూర్చి, స్విచ్చి వేసి పోతుంది. ఎన్నిసార్లు చెప్పినా, ఊడిపోయింది కనక పెట్టానంటుంది. ఆమెకు ఫోన్ చేద్దామంటే ఫోను మనవడి దగ్గర ఉంటుంది.

అందువల్ల ఆదివారం ఆరాధనకు నల్లపెట్టె కూడా వచ్చింది. ఆంథోని దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చి బెంచీ మీద తనకూ సంపూర్ణకూ మధ్య పెట్టాడు. దీవెన దాని మీద మోచెయ్యి ఆనిస్తే సంపూర్ణ తీయించింది. ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ ఒకరు మోకాళ్ళ నొప్పి చెప్పారు, ఒకరు కొడుకు పరీక్ష చెప్పారు. ఆంథోని లేచి మరిచిపోయిన పాస్‌వర్డ్ సంగతి చెప్పాడు. పాస్టరు గారు మూడింటికీ ఒకే గొంతుతో ప్రార్థన చేశారు. గోడగడియారం పది కొట్టింది. బెంచీ మీద పెట్టె కదలకుండా కూర్చుంది. ఆ తర్వాత పాస్టరు గారు ఆ వారం చదవవలసిన కీర్తన నంబరు చెప్పగానే ఆంథోని సంపూర్ణ మోచేతిని గట్టిగా పొడిచి, "గిదే!" అన్నాడు. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆంథోని బైబిలు తెరిచి ఆ పేజీ దగ్గర అగ్గిపుల్ల పెట్టుకున్నాడు.

సోమవారం ఆఫీసు తెరవగానే సంపూర్ణ ఫోన్ చేసింది.

"నమస్కారమండీ, స్పేస్ మిత్ర నుంచి జయప్రకాశ్ మాట్లాడుతున్నాను."

సంపూర్ణ జరిగింది చెప్పింది. అతను తాళం తీయిస్తానన్నాడు. "పెట్టె ఒకసారి ఆన్ చేయండి మేడమ్."

"ఆన్ చేస్తే నిన్న తుడవాల్సినయి తుడుస్తదా సార్?"

"తప్పిపోయిన పని ఏదైనా ఉంటే లేవగానే ముందు అదే చేస్తుందండీ. అది మా ప్రత్యేకత."

"గది చెయ్యొద్దనే కద సార్ నా బాధ. అయి నకళ్ళు కావు."

"మా సాఫ్ట్‌వేర్ పొరపాటు చేయదండీ. ఒకే ఫోటో అయితేనే నకలంటుంది. పెళ్ళికూతురు ఒకరేనా మేడమ్?"

"ఒక్కతే."

"పెళ్ళికొడుకు?"

"ఒక్కడే సార్."

"వెనక డెకరేషన్?"

"గదీ ఒకటే."

"మరి?"

"సుట్టాలు వేరు సార్."

"మేము పరీక్ష చేసింది కుక్కపిల్లతోనండీ," అన్నాడు జయప్రకాశ్ మెల్లగా. "దానికి చుట్టాలు లేరు."

"పని తప్పిపోయిందని దానికెట్ల తెలుస్తది సార్?"

"లోపల గడియారం ఉంటుందండీ. ఆదివారం పది దాటిందా లేదా చూసుకుంటుంది."

"ఆ గడియారంల ఇయ్యాల శుక్రవారం అని పెడితే?"

ఒక్క నిమిషం అని చెప్పి అతను పాట పెట్టిపోయాడు. పాట రెండోసారి మొదలయ్యాక వచ్చాడు. "మా సీనియర్‌ని అడిగానండీ. అలా ఎవరూ చేయలేదన్నారు. చేయకూడదని కూడా ఎక్కడా లేదన్నారు. చేద్దాం మేడమ్. మిత్ర లేవకముందే పెట్టె ఒక నీలం తెర చూపిస్తుంది. అది కనపడగానే నేను చెప్పిన మీట నొక్కండి. ఆలస్యమైతే మాత్రం..."

"తెలుసు సార్."

సంపూర్ణ పెట్టెకు తెర తగిలించి, వేలు మీట మీద పెట్టి, ఆంథోనికి సైగ చేసింది. ఆంథోని కళ్ళు గట్టిగా మూసుకుని స్విచ్చి వేశాడు. నీలం తెర వచ్చింది. సంపూర్ణ నొక్కింది. తేదీ వెనక్కి జరిపింది. పెట్టె లేచి, గడియారం చూసుకుని, శుక్రవారమని నమ్మి, చేయాల్సిన పనేమీ లేదంది. అవతలినుంచి జయప్రకాశ్ తాళం తీయించాడు. ఆంథోని అగ్గిపుల్ల ఉన్న పేజీ తెరిచి కీర్తన నంబరు పైకే చదివాడు. ఈసారి ఎవరినీ అటు తిరగమనలేదు.

సంపూర్ణ ముందుగా తుడిచే పనిని ఆపేసింది. తర్వాత పోలిక ఎంత ఉంటే నకలనాలి అన్నచోట, కొంచెం ఉన్నా చాలు అని ఉన్నదాన్ని, అచ్చం ఒకటే అయితే తప్ప వద్దు అని మార్చింది. అప్పుడు తాళం వేసిన ఫోటోలన్నిటినీ ఎంచుకుని బయటికి రమ్మంది. కళ్యాణి చుట్టాలు బ్యాచీల వారీగా, వచ్చిన వరసలోనే, ఒకరి తర్వాత ఒకరు తెర మీదికి ఎక్కారు. ఆంథోని ఒక్కొక్కరినీ చూసి, "వచ్చిండు, వచ్చిండు" అంటూ నిలబడ్డాడు. గడియారాన్ని మళ్ళీ సోమవారానికి తెచ్చినప్పుడు ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఎవరూ ఎక్కడికీ పోలేదు.

"ఇంకోటి మేడమ్," అన్నాడు ఫోన్లో జయప్రకాశ్. "వచ్చే నెల మా అక్క పెళ్ళి. ఫోటోలు ఇందులోనే పోయమని చెప్పి ఉన్నాను. ఆ పోలిక దగ్గర మీరేం పెట్టారో మళ్ళీ ఒకసారి చెప్పరా?"

సంపూర్ణ చెప్పింది. ఆ తర్వాత కావలసిన బ్యాచీ దగ్గరికి వెళ్ళింది. ఎడమ పక్కన లచ్చిరాం, అతని పక్కన భీమ్లా, ఇద్దరి మధ్య భుజాల కింద లాలి. ఆమె రెండు చేతులూ ఇద్దరి మణికట్ల మీద ఉన్నాయి. లాలి కెమెరాను చూస్తోంది. కొడుకులిద్దరూ కళ్ళు మూసుకున్నారు. ఆంథోని ఎప్పుడూ వెంటవెంటనే మూడు తీస్తాడు. మూడింటిలోనూ ఇద్దరూ మూసుకునే ఉన్నారు.

మంగళవారం లాలి ఆటోలో వచ్చింది. లచ్చిరాం ఒక బండి మీద, భీమ్లా ఇంకో బండి మీద వచ్చారు. స్టూడియోలో ఒకరు కిటికీ దగ్గర, ఒకరు తలుపు దగ్గర నిలబడ్డారు. సంపూర్ణ ఫోటోను తెర నిండా పెట్టేసరికి, కనపడక ఇద్దరూ దగ్గరికి రావలసి వచ్చింది.

"మీరెవరూ తీపియ్యలే. మా పెట్టెనే దాసిపెట్టింది. ఇగో సూడున్రి" అంది సంపూర్ణ.

లచ్చిరాం వంగి చూశాడు. "కండ్లు మూసుకున్నవేందిరా?"

"నువ్వు మూసుకోలేదా?" అన్నాడు భీమ్లా.

"నాకు లైటు కొట్టింది."

"నాకు సెంటు కొట్టింది. పెండ్లిల అంత సెంటు ఎవడన్న పోసుకుంటడా?"

"మా అల్లుడు పోసిండు అది."

"అల్లుడు మొగానికి పోసిండా?"

ఆంథోని లేచి ఇద్దరి మధ్యకు రాబోయాడు. లాలి అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. అన్నదమ్ములు సెంటు దగ్గరి నుంచి అల్లుడి దగ్గరికి, అల్లుడి దగ్గరి నుంచి వాగు దగ్గర తుమ్మచెట్లకు అంటుకున్న పత్తి దగ్గరికి వచ్చారు. చాలాసేపు మాట్లాడుకున్నారు. అరిచారు కూడా. మాట్లాడి చాలాకాలమైంది కనక గొంతు ఎంత పెట్టాలో ఇద్దరికీ అందాజు లేదు.

వాళ్ళు తగ్గాక సంపూర్ణ లాలి వైపు వంగింది. "అవ్వా, భోజనాలకాడ ఇద్దరియి మంచిగ కండ్లు తెరిచిన ఫోటోలు ఉన్నయి. అయి తెచ్చి దీనికి పెడ్త. తెలువనే తెలువదు. పెద్దగ కడిగిస్తే బాగుంటది."

లాలి తెర మీద కొడుకులిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"వద్దు బిడ్డా. కండ్లు మూసుకున్నరు గనకనే పక్కపొంటి నిలబడ్డరు. తెరిస్తే ఒకడినొకడు సూసుకుంటరు. మళ్ళ అదే లొల్లి." తన కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది. "గిట్లనే ఉండనియ్యి."

సంపూర్ణ మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

ఆ సాయంత్రం బాట మీది కంపలు రెండూ లేచాయి. లచ్చిరాం వేసింది లచ్చిరాం తీశాడు, భీమ్లా వేసింది భీమ్లా తీశాడు. రెండు కంపలూ కలిసి ఇప్పుడు లాలి ఇంటి వెనక పొయ్యిలోకి వస్తున్నాయి.

ఆల్బంలో ఆ ఫోటోకు రెండు పేజీలు కలిపి ఇచ్చారు. దాని తర్వాతి పేజీలో వెంకటప్పయ్య ఉన్నాడు. అది కళ్యాణి కోరిక. ఆయన ఆ ఫోటోను పెద్దది చేయించుకుని టెంట్‌హౌస్‌లో తగిలించాడు. కల్లూరు నుంచి చుట్టాలొస్తే, మొత్తం పెళ్ళిలో ఇదొక్కటే బాగా వచ్చిందని కంప్యూటర్ చెప్పిందంట అని చూపిస్తున్నాడు. కవలల్లో రెండోవాడిని సంపూర్ణ మళ్ళీ పోస్తే ఈసారి మిత్ర గడప దాటనిచ్చింది. ఆంథోని మాత్రం ఇద్దరి ఫోటోలూ ఇంకోసారి పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

శనివారం పని ముగించి పెట్టె ఆపబోతుంటే తెర మీద చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంది. లచ్చిరాం, భీమ్లా, లాలి ఉన్న ఫోటో గోరంతగా, దాని కింద మిత్ర మాట: ఈ ఫోటో నాణ్యత తక్కువ. కళ్ళు మూసుకుని ఉన్నాయి. తొలగించమంటారా?

సంపూర్ణ వద్దు అన్నదాని మీద నొక్కింది. మళ్ళీ అడగవద్దు అని పక్కనే చిన్న గడి ఉంటే, అందులో కూడా టిక్కు పెట్టింది. ఆ తర్వాత ప్లగ్గు పీకకుండా, మంగమ్మ చేతికి పని లేకుండా ఉంచి, తాళం వేసుకుని ఇంటికి పోయింది.